మీకు తెలుసా? మైకు పట్టగానే గొంతు ఎందుకు వణుకుతుంది?

నెల్లికుదురులోనే కాదు, మానుకోట చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పాట లేకుండా పండుగ గడవదు. వినాయకుడి మంటపంలో భజన, సద్దుల నాడు బతుకమ్మ చుట్టూ ఆడబిడ్డల పాట, ఆగస్టు పదిహేనుకు బడిపిల్లల దేశభక్తి గీతం, పెండ్లి బరాత్‌లో మైకు గుంజుకుని మరీ పాడే బావమరుదులు! అయితే నాట్లేసేటప్పుడు చెలక దద్దరిల్లేలా పాడే మనిషిని కూడా ఒక్కసారి స్టేజీ ఎక్కించి చూడండి. చేతిలోని ఫోన్‌లో పాట అక్షరాలు వణుకుతుంటాయి. పల్లవి మొదలుపెట్టాల్సిన చోట రెండుసార్లు గొంతు సవరింపు, ఒక ఇబ్బంది నవ్వు. కింద దోస్తులు ఈలలు వేస్తారు. బుగులు ఇంకా పెరుగుతుంది.

ఈ బుగులు కొత్త పాటగాళ్లదే అనుకుంటాం. ప్రపంచం మెచ్చిన గాయకులకూ ఉంది. దాన్ని పూర్తిగా పోగొట్టుకున్నవాళ్లు తక్కువ. దాన్ని పెట్టుకునే పాడటం నేర్చినవాళ్లే ఎక్కువ. ఆ సంగతులు కొన్ని చదవండి.

1. పాట కన్నా ముందే గుండె పరుగు మొదలవుతుంది

నెదర్లాండ్స్ పరిశోధకులు చేసిన ఓ ప్రయోగం 2014లో ప్రచురితమైంది. మనుషులను కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టి ఒకదాని తర్వాత ఒకటి మామూలు వాక్యాలు చూపించారు. చివర్లో హఠాత్తుగా, కాసేపట్లో మీరు గొంతెత్తి ఒక పాట పాడాలి అన్న సూచన వచ్చింది. ఇంకా ఎవరూ నోరు తెరవలేదు, అయినా గుండె వేగం సగటున నిమిషానికి 15 సార్లు పెరిగింది. మనిషిని తేలిగ్గా ఒత్తిడికి గురిచేసే మార్గంగా దీన్నే ఒక పరీక్షగా ప్రతిపాదించారు. అంటే వేదిక ఎక్కాక వచ్చే దడ కన్నా, 'తర్వాత మీరే' అని పేరు పిలిచే ముందు పడే దడ తక్కువేమీ కాదు.

2. పాడేవాళ్లకు వాయిద్యం ఒంట్లోనే ఉంది

ఆపద ఎదురైతే పారిపోవడానికో, ఎదిరించడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. అడ్రినలిన్ రక్తంలోకి చేరుతుంది. గుండె వేగం పెరుగుతుంది, వేళ్లు చల్లబడతాయి, నోట్లో తడి ఆరిపోయి నాలుక పిడచకట్టుకుపోతుంది. పులి ఎదురైనప్పుడు పనికొచ్చే ఈ ఏర్పాటు, పాట ఎత్తుకోవాల్సిన వేళ అడ్డం తిరుగుతుంది.

మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 120 సార్లు, ఆడవాళ్లవి సుమారు 200 సార్లు కంపిస్తాయి. పాడేటప్పుడు అంతకన్నా చాలా ఎక్కువ. అంత సున్నితమైన చోట మెడ కండరాలు బిగుసుకుని, ఊపిరి పైపైనే ఆడితే ముందుగా దెబ్బ తినేది సాగదీసి నిలపాల్సిన స్వరం. అందుకే భయపడ్డ గాయకుడు గబగబా సాగే పల్లవిని ఎలాగో లాక్కొచ్చి, ఆలాపన దగ్గర దొరికిపోతాడు. ఇంకో గుర్తు కూడా ఉంది. కంగారులో చాలామంది శ్రుతిని మామూలు కన్నా పైన ఎత్తుకుంటారు, నడక కూడా పెంచేస్తారు. చరణంలో పైస్థాయి వచ్చేసరికి గొంతు అందదు.

3. తాగిన నీళ్లు స్వరతంత్రులను తాకవు

పాడేముందు గోరువెచ్చటి నీళ్లు, మిరియాల కషాయం, నోట్లో లవంగమో పటికబెల్లమో మన దగ్గర మామూలే. నోరు, గొంతు వెనకభాగం తడిసి హాయిగా ఉంటుంది. కానీ మింగింది ఏదైనా అన్ననాళంలోకే పోతుంది. స్వరతంత్రులు ఉండేది శ్వాసనాళం మొదట్లో. నీళ్లు అటు పోతే పొలమారి దగ్గొస్తుంది. తాగిన నీరు ఒంటికి పట్టి, అక్కడి పొరలకు తడి చేరడానికి సమయం కావాలి. కాబట్టి స్టేజీ మెట్ల దగ్గర సీసా ఎత్తి గటగటా తాగడం కన్నా, పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా తాగడమే మేలు. నేరుగా అక్కడిదాకా వెళ్లేది ఆవిరి మాత్రమే.

4. మీ వణుకు మీకు వినిపించినంతగా జనానికి వినిపించదు

'నా బుగులు అందరికీ తెలిసిపోతోంది' అన్న ఆలోచనే సగం గొంతు నొక్కేస్తుంది. దీని మీద కెన్నెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు 2003లో పరిశోధన ప్రచురించారు. వాళ్లు పరీక్షించింది ప్రసంగాలు ఇచ్చేవాళ్లను. తాము ఎంత కంగారుగా కనిపించామో వక్తలు వేసుకున్న అంచనా, విన్నవాళ్లు వేసిన అంచనా కన్నా ఎక్కువగా తేలింది. మరింత ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, ఈ విషయం ముందే చెప్పి పంపిన వక్తలు మిగతావాళ్ల కన్నా బాగా మాట్లాడారు. వణుకు లోపలే ఎక్కువ, బయటికి తక్కువ అని తెలిస్తేనే కొంత నెమ్మది వస్తుందన్నమాట.

5. నలుగురు చూస్తుంటే ఏమవుతుందో బొద్దింకలు కూడా చెప్పాయి

1969లో రాబర్ట్ జయాన్స్ అనే శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి బొద్దింకలకు పరుగుపందెం పెట్టాడు. వెలుగు పడగానే చీకట్లోకి పారిపోవాలి. ఒక దారి తిన్నగా ఉంటుంది, ఇంకోటి మలుపు తిరగాల్సిన దారి. చుట్టూ అద్దాల గదుల్లో 'ప్రేక్షకులు'గా వేరే బొద్దింకలను కూర్చోబెట్టాడు. చూసేవాళ్లుంటే తిన్నటి దారిలో బొద్దింకలు వేగంగా ఉరికాయి. మలుపుల దారిలో మాత్రం తడబడి ఎక్కువసేపు తీసుకున్నాయి.

పాటకు దీన్ని అన్వయించుకుంటే, జనం ముందు బాగా వచ్చిన పాట ఇంకా బాగా వస్తుంది, సగం వచ్చిన పాట పావు వంతే వస్తుంది. 'ఇంట్లో ఒకసారి సరిగ్గా వచ్చింది కదా' అన్న ధైర్యం స్టేజీ మీద చాలదు. కొత్త పాటను పోటీలో మొదటిసారి ప్రయత్నించే పిల్లలు ఓడిపోవడంలో వింత లేదు.

6. ఒక్క రాత్రి మరపు, ఇరవయ్యేళ్ల దూరం

1967 జూన్ 17న న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కులో బార్‌బ్రా స్ట్రైసాండ్ కచేరీ. లక్ష మందికి పైగా జనం. మధ్యలో పాట చరణాలు మరచిపోయింది. ఆ దెబ్బకు టికెట్లు పెట్టి చేసే కచేరీలకు రెండు దశాబ్దాలకు పైగా దూరంగా ఉండిపోయింది. 1993 డిసెంబరు 31న లాస్ వేగాస్‌లో మళ్లీ అలాంటి వేదిక ఎక్కేటప్పుడు ఎదురుగా అక్షరాలు చూపించే తెరలు పెట్టించుకుంది. గొంతు చెడలేదు, పేరు తగ్గలేదు. మళ్లీ మరచిపోతానేమో అన్న భయమే అన్నేళ్లు ఆపింది. ఫోన్ చూసి పాడటాన్ని చిన్నతనంగా భావించే మన కుర్రాళ్లు ఆ తెరల సంగతి గుర్తుపెట్టుకోవచ్చు.

7. ఘంటసాల కూడా నవ్వులపాలయ్యారు

1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు, చిన్న వయసులో పక్క ఊరి కచేరీలో పెద్ద విద్వాంసులతో పోటీపడి ఓడిపోయారు. నలుగురూ నవ్వారు. తర్వాత ఆయన చేసిన పని పాట మానెయ్యడం కాదు. చేతి ఉంగరం అమ్మి ఆ డబ్బుతో విజయనగరం చేరి, ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను చేరదీసి పాఠం చెప్పారు. సాధన చెయ్యకుండా జనంలోకి పోతే ఏమవుతుందో అనుభవంతో తెలిసినవారు కాబట్టే, ఆ సాధన దొరికే చోటు వెతుక్కుంటూ అంత దూరం పోయారు.

8. 'నా వల్ల కాదు' అన్న పాటలకే జాతీయ అవార్డు

1980లో విడుదలైన 'శంకరాభరణం' పాటలు పాడమంటే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మొదట వెనకాడారు. శాస్త్రీయ సంగీతం గురుముఖంగా నేర్చుకోలేదు, విద్వాంసుడి పాత్రకు పాడాలి. సంగీత దర్శకుడు కేవీ మహదేవన్ సహాయకుడు పుహళేంది, నేను నేర్పిస్తానని భరోసా ఇచ్చి దగ్గరుండి పాడించారు. ఆ సినిమాకే బాలుకు తొలి జాతీయ అవార్డు వచ్చింది.

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలయ్యాక, వణుకుతూ వచ్చిన పిల్లలను ఆయన నడిపించిన తీరు తెలుగు ఇళ్లన్నీ చూశాయి. ముందు ఒక జోకు, ఊరూ పేరూ అడగడం, పాటలో బాగున్న చోటును ముందు మెచ్చుకుని తర్వాతే తప్పు చెప్పడం. పిల్లలు తప్పు విన్నా తలెత్తుకునే దిగేవారు.

9. ఒగ్గు కథకుడు ఒంటరిగా పాడడు

ఇక మన దగ్గరికి వద్దాం. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలకు పోయినవాళ్లకు ఒగ్గు కథ కొత్త కాదు. రాత్రంతా సాగే కథను ప్రధాన కథకుడు నడిపిస్తుంటే, డోలు, తాళాలతో పక్కవాళ్లు ప్రతి మాటకూ వంత పలుకుతారు. 'ఆఁ', 'అవును మరి' అంటూ ఊకొడతారు, మధ్యలో ప్రశ్న వేస్తారు, వేషం మార్చి కథలో పాత్రలైపోతారు. కథకుడికి ఊపిరి కావాల్సిన చోట డోలు అందుకుంటుంది. మాట తడబడ్డ చోట వంత ఎత్తుకుంటుంది. కింద కూర్చున్నవాళ్లకు ఎక్కడ అతుకు పడిందో తెలియదు. జనగామ జిల్లా మాణిక్యాపురం నుంచి వచ్చి ఒగ్గు కథకు దేశమంతా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య వెనక కూడా ఎప్పుడూ ఒక బృందం ఉండేది. ఆయన 2017లో కన్నుమూశారు.

బుర్రకథ కూడా ఇంతే. మధ్యలో తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు అలసినట్టు కనిపిస్తే హాస్యగాడు ఒక మాట విసురుతాడు, జనం నవ్వుతారు, ఆ నవ్వులో ఇతనికి ఊపిరి అందుతుంది.

బతుకమ్మలో ఒకరు చరణం అందిస్తే చుట్టూ తిరిగే అందరూ తిరిగి పలుకుతారు. పాట మరిచిన కోడలిపిల్ల కూడా చప్పట్లు కొడుతూ గుంపులో కలిసిపోతుంది. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలోనే తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ జనం పాడుకునే పాటల రకాలను తన కావ్యంలో పేర్కొన్నాడు. ఇలాంటి పాటల్లో చాలావాటికి వేదిక ఉండదు. పాడేవాళ్లూ వినేవాళ్లూ ఒకరే. ఒక్క మనిషిని ఎత్తు మీద నిలబెట్టి మిగతావాళ్లు కింద కూర్చుని మార్కులు వేసే పద్ధతి వచ్చాకే పల్లెపాటకు సభాకంపం అంటుకుందేమో.

10. వేషం కడితే పిరికితనం దాక్కుంటుంది

జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఐదు దశాబ్దాల్లో 19 వేలకు పైగా ప్రదర్శనలు ఆయన లెక్క. చిందులో మనిషి నేరుగా జనంలోకి రాడు. ముఖానికి రంగు, తలకు కిరీటం, భుజకీర్తులు కట్టుకున్నాక వచ్చేది ఏ రాజో, రాక్షసుడో. తప్పు పడుతుందేమోనని భయపడాల్సిన మనిషి ఆ రంగు వెనక ఉండిపోతాడు.

ఈ ఉపాయం లండన్ దాకా ఉంది. వేదిక భయంతో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకసారి అత్యవసర ద్వారం నుంచి తప్పించుకుపోయానని, ఇంకోచోట వాంతి చేసుకున్నానని గాయని అడెల్ 2011లో చెప్పింది. తర్వాత తనకోసం ఇంకో మనిషిని ఊహించుకుని, 'సాషా కార్టర్' అని పేరు పెట్టుకుని, వేదిక మీద పాడేది ఆ మనిషే అనుకునేది. కిరీటం లేదంతే, పద్ధతి చిందు వేషానిదే.

11. చెవి మీద చెయ్యి అలవాటు కాదు, అవసరం

పద్యం ఎత్తుకునే నాటక నటులు, పల్లె పాటగాళ్లు ఒక చేతిని చెవి పక్కన దొప్పలా పెట్టుకోవడం చూసే ఉంటారు. చుట్టూ చప్పుడు ఎక్కువైతే తన గొంతు తనకు వినపడక మనిషి తెలియకుండానే గట్టిగా అరుస్తాడు. ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో ఈ సంగతి వివరించాడు. మంటపంలో పెద్ద బాక్సుల పక్కన నిలబడి పాడే పిల్లల గొంతు రెండో పాటకే బొంగురుపోవడానికి కారణం ఇదే. శ్రుతి కలుస్తోందో లేదో తెలియకపోతే భయం ఇంకా పెరుగుతుంది. చెయ్యి అడ్డం పెడితే తన గొంతు తనకు చేరుతుంది, పట్టు చిక్కుతుంది. శాస్త్రీయ కచేరీలో వెనక తంబూరా ఆగకుండా మోగడం కూడా ఇందుకు సాయపడుతుంది. ఎక్కడ తప్పిపోయినా తిరిగి చేరడానికి షడ్జం అక్కడే ఉంటుంది.

12. 'భయంగా ఉంది' బదులు 'హుషారుగా ఉంది' అంటే మార్కులు పెరిగాయి

హార్వర్డ్ బిజినెస్ స్కూలు పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, కొందరిని కరోకే యంత్రం ముందు పాడించారు. స్వరం, లయ ఎంత సరిగ్గా ఉన్నాయో మార్కులు వేసింది యంత్రమే. పాడేముందు 'నాకు కంగారుగా ఉంది' అని పైకి చెప్పినవాళ్లకు నూటికి సుమారు 53 వచ్చాయి. ఏమీ చెప్పనివాళ్లకు 69. 'నాకు హుషారుగా ఉంది' అని చెప్పినవాళ్లకు సుమారు 80.

అలా చెప్పినంత మాత్రాన గుండె దడ తగ్గలేదు. దడ దడగానే ఉంది, దానికి పెట్టిన పేరే మారింది. 'శాంతంగా ఉండు, భయపడకు' అని పిల్లల చెవిలో చెప్పే పెద్దలు, 'ఉరుకు, దంచి కొట్టు' అంటే ఎక్కువ పనిచేస్తుందేమో!

13. భజనలో గుండెలు కూడా కలుస్తాయి

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో 18 ఏళ్ల విద్యార్థులతో బృందగానం చేయించి గుండె వేగాలు కొలిచారు. అందరూ ఒకే చోట ఊపిరి పీల్చి ఒకే చోట వదులుతుంటే గుండె వేగాలు కూడా కలిసి పెరుగుతూ, కలిసి తగ్గుతూ వచ్చాయి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొంచెం నెమ్మదిస్తుంది. పొడుగాటి పంక్తి పాడటమంటే ఊపిరిని చాలాసేపు వదలడమే. అందుకే మొదటి పాట దాటితే ఒళ్లు దానంతటదే కుదురుకుంటుంది. భజన మండళ్లలో ముందు అందరికీ వచ్చిన నామావళి పట్టుకోవడం, కర్ణాటక కచేరీ వర్ణంతో మొదలవడం ఈ పనికి బాగా కలిసొస్తాయి. డప్పు కళాకారులు మంట దగ్గర తోలు కాచిన తర్వాతే దరువు వేస్తారు కదా, గొంతుకూ అలాంటి కాపడమే కావాలి.

14. మాత్ర వేసుకుని వాయించేవాళ్లూ ఉన్నారు

జేమ్స్ బ్లాక్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త 1960ల్లో గుండె జబ్బుల కోసం ప్రొప్రనలాల్ అనే మందు రూపొందించాడు. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే ఈ జాతి మందులు చేతి వణుకును తగ్గిస్తాయని సంగీతకారులు కనిపెట్టారు. అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రాల వాద్యకారులపై జరిపిన, 1988లో వెలువడిన సర్వేలో 2,212 మంది పాల్గొన్నారు. నూటికి 27 మంది ఈ మందులు వాడినట్టు చెప్పారు. ఇవి డాక్టరు చెబితేనే వాడాల్సినవి. ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. పైగా పాట రాకపోతే ఏ మాత్రా పాట నేర్పదు.

15. సురభి పిల్లలకు స్టేజీ అంటే ఇల్లే

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నటులు. పసిబిడ్డ పాత్ర కావాలంటే ఇంట్లో బిడ్డే వేదిక ఎక్కుతుంది. బుగులంటే ఏమిటో తెలియకముందే లైట్లు, జనం, ఈలలు అలవాటైపోతాయి. పద్యనాటకాల్లో ఇంకో రెండు ఆసరాలు కూడా ఉండేవి. శ్రుతి అందించే హార్మోనిస్టు ఒకరు, తెర పక్కన నిలబడి మాట అందించే ప్రాంప్టర్ మరొకరు. 'వన్స్ మోర్' అని జనం కేకలు వేస్తే పద్యం మళ్లీ పాడాల్సిందే. మొదటిసారి చిన్న తప్పు దొర్లినా రెండోసారి దిద్దుకునే అవకాశం అక్కడే దొరికేది.

16. రేపు మీ పేరు పిలిస్తే?

మొదటి రెండు పంక్తులు నిద్రలో లేపినా వచ్చేలా పెట్టుకోండి, మిగతావి ఫోన్‌లో ఉన్నా తప్పులేదు. ఇంట్లో పాడిన శ్రుతికి అరమెట్టు తగ్గించి ఎత్తుకోండి. బాక్సులకు దూరంగా, మీ గొంతు మీకు వినిపించే చోట నిలబడండి. మైకు చేతిలోకి రాగానే పాట అందుకోకండి, ఒక నిండు ఊపిరి పూర్తిగా వదిలి మొదలుపెట్టండి. పోటీ పాటైతే అంతకుముందు కనీసం నలుగురి ముందు, నిలబడి, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా పాడి చూసుకోండి.

పోటీ కాకుండా పండుగ పాటే అయితే మాత్రం ఒక్కరే పోవద్దు. పల్లవి వచ్చిన ఇద్దరిని వెంట తీసుకెళ్లి వంతకు నిలబెట్టుకోండి. ఒగ్గు కథకులు తరతరాలుగా చేస్తున్నది అదే.